ఇస్త్రీపెట్టె ఎంత?

మామా,

ఈ ఆదివారం ఉదయం ఏడున్నరకు, నువ్వు ఏళ్ల తరబడి వెతికిన నీలం డయలు వాచీ దొరికింది. నువ్వు పోయాక నేను సండే మార్కెట్టుకు వెళ్లడం ఇదే మొదలు. అత్త కూడా వచ్చింది.

పాత వాచీల పిచ్చి నాకు అంటించింది నువ్వే. బేరం నేర్పిందీ నువ్వే. వాచీ కావాలంటే దాని వైపు చూడకూడదు, ముందు ఇస్త్రీపెట్టె ధర అడగాలి అనేవాడివి. ఒక్కోసారి అమ్మేవాళ్లు ఇస్త్రీపెట్టె కూడా అంటగట్టేవాళ్లు. మీ ఇంట్లో తొమ్మిదున్నాయి.

కిరుమాంబాక్కం నుంచి వచ్చి పాత సామాన్లు అమ్మే శేఖర్ పక్కన, రేకు డబ్బాలో వాచీ కనిపించింది. చూడనట్టు పక్కనున్న ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని, "ఇదెంత?" అన్నాను.

వెనక నుంచి అత్త అరిచింది. "అల్లుడా, ఆ నీలం వాచీ గదా మీ మామ వెతికింది!"

బేరం చెడిందనుకున్నాను. శేఖర్ నవ్వాడు.

"ఇస్త్రీపెట్టె అన్నయ్య మనుషులా మీరు? ఆయన ఇస్త్రీపెట్టె పట్టుకుంటే వాచీకి వచ్చినాడని మార్కెట్టు మొత్తానికీ తెలుసు గదా! ఇది ఆయన కోసమే పక్కన పెట్టినా. యాడ, రాలేదా?"

అత్త వాచీ చేతిలోకి తీసుకుంది. "రాలా. నన్ను పంపినాడు" అంది. తర్వాత ధర సగానికి తగ్గించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

నా వాచీలన్నిటికీ నీకొక్కడికే రుణపడ్డాననుకున్నాను. మన నటన చూసి ఊరుకున్న మార్కెట్టు వాళ్లకూ రుణపడ్డానట. ఇన్నేళ్ల విలేకరిని, ఆ వార్త నాకే ఆఖరున అందింది.

వాచీ నడుస్తోంది, బెల్టు లేదు. బెల్టు కోసం వచ్చే ఆదివారం ఏడింటికి ఇద్దరం మళ్లీ వెళ్తున్నాం. ముందు బెల్టు అడగకూడదని అత్తకు చెప్పాను. ఇస్త్రీపెట్టె మాత్రం చచ్చినా అడగదట. కుక్కరు అడుగుతుందట.