తలుపు పక్కన మేకు

శుక్రవారం రాత్రి, ఆండర్సన్‌పేట

రేపు పొద్దున్నే రాళ్ళ కొండకు ఒంటరిగా వెళ్తున్నాను. రెండు రాత్రులు అక్కడే. అడవుల్లో ఒంటరిగా బతికినవాళ్ళ పుస్తకాలు చదివి చదివి, వాళ్ళలాగే ఎవరికీ చెప్పకుండా వెళ్ళాలనుకున్నాను. సాయంత్రం నాన్న నా సంచి చూసేశాడు. వద్దనలేదు.

"యాడికి పోతాండావో చెప్పి పో అమ్మా. మేము గనిలోకి దిగేటప్పుడు గేటు కాడ మా నంబరుండే బిళ్ళ ఇచ్చి దిగుతాంటిమి. షిఫ్టు అయినాక బిళ్ళ ఇంగా ఆడనే ఉంటే, మనిషి లోపలే ఉండాడని వెతికేవాళ్ళు" అన్నాడు.

ఆ పుస్తకాల్లో ఎవరి నాన్నా ఇలా అడగడు. కోపమొచ్చింది. అయినా కొండ పేరు చెప్పాను. నాన్న తలుపు పక్కన మేకు కొట్టాడు. దానికి నా కాలేజీ ఐడీ కార్డు తగిలించాను.

మంట రాజేయడం వచ్చు. వాన పడితే... పడనీ.

సోమవారం ఆ కార్డు నా చేత్తోనే తీస్తాను.