నా ముద్ర ఉన్న రైఫిల్

చిన్నా,

నేను పనిచేసిన తుపాకుల ఫ్యాక్టరీ చరిత్రను పుస్తకంగా వేశారు. నిన్న ఢిల్లీలో ఆవిష్కరణ జరిగింది. నాలా రిటైరైన ఇన్‌స్పెక్టర్లను పిలిచి శాలువాలు కప్పారు. నువ్వు మోసిన రైఫిల్ గురించి అందులో ఒక్క వాక్యమే ఉంది. మంచులో కాస్త మొరాయించేదట, తర్వాత సరిచేశారట.

తనిఖీ చేసిన ప్రతి తుపాకీ మీదా ఎవరి ముద్ర వాళ్లం కొట్టేవాళ్లం. సరిహద్దు నుంచి నువ్వు ఫోన్ చేసి, "నాన్నా, నాకిచ్చిన దానిమీద నీ ముద్రే ఉంది. ఇంక నాకేం భయం" అన్నావు. ఆ వారమే, మంచులో శత్రువు ఎదురుపడినప్పుడు, అది నీ చేతిలో పేలలేదు.

ముద్ర కొట్టే నా పాత ఉక్కు పంచ్‌ను గాజుపెట్టెలో పెట్టి బహుమతిగా ఇచ్చారు. "వాడూ చూస్తాడు" అంటూ మీ అమ్మ దాన్ని నీ ఫొటో పక్కనే పెట్టింది.

ఆ ఫోన్ సంగతి నేను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న