కోరిన్ రెండో పెళ్లి

స్ట్రామ్‌నెస్, ఆర్క్‌నీ
1993 ఫిబ్రవరి 9

ప్రియమైన ఇంగా తల్లీ,

మూడో నవల వచ్చేసింది! లైబ్రరీ పుస్తకాల బండి మన సందు మలుపు తిరగకముందే నేను రోడ్డు మీదున్నాను. ఈ మధ్యే వెస్ట్రే దీవి నుంచి వచ్చి ఆ బండి నడుపుతున్న థోరా ఫౌబిస్టర్ అద్దం దించి, "సీటు కింద దాచి తెచ్చాను ఎడ్విన్. పాస్టరు గారి భార్య కంటపడిందంటే నీకు వేసవి దాకా దొరికేది కాదు" అంది.

టీవీ వాళ్లు 'దూరపు రేవు' సీరియల్‌ని అర్ధాంతరంగా ఆపేసి, మన అంతరిక్ష నౌకని ఆ నల్ల మేఘంలో వదిలేసి చేతులు దులుపుకున్నారు. ఆ రోజు నువ్వు విసిరిన దిండుకి టీవీ మీది పూలకుండీ పగిలింది. ఈ ఆస్క్‌విత్ ఎవరో గానీ, నవలలు రాసి వాళ్లందరినీ మళ్లీ బతికించాడు. అందుకే ఆయన ఏం రాసినా నాకు ముద్దే. డ్యూటీలోనే, మా ఫెర్రీ పడవ ఇంజను గదిలో కూర్చుని చదివాను. పక్కవాడు పిలిచినా పలకలేదట.

కథ చెప్పను. ఇంజనీరు కోరిన్ సంగతి మాత్రం నా మనసుకి బాగా పట్టింది. త్వరగా చదివి రాయి. చలి ముదిరింది, మేజోళ్లు వేసుకో.

ప్రేమతో,
నాన్న

*

న్యూకాసిల్
ఫిబ్రవరి 20

ప్రియమైన నాన్నా,

కోరిన్‌కి పెళ్లా? కోరిన్‌కి!

ల్యాబులో రోజంతా ఎవరివో కట్టుడు పళ్లు అరగదీస్తూ నా పళ్లు నేను కొరుక్కుంటున్నాను. గురువారం మా అభిమానుల సంఘం పబ్ పైగదిలో కలిసింది. మా కేకలు విని కింద తాగేవాళ్లు తన్నుకుంటున్నామేమో అని పైకొచ్చి చూశారు. బస్సు డ్రైవరు రెజినాల్డ్‌ది ఒకటే మాట. "టీవీలో రానిది జరగనట్టే. పుస్తకాలు లెక్కలోకి రావు." ప్రూడెన్స్ అయితే పెళ్లికూతురు ఎడ్డా వేసుకున్న శాలువా లాంటిదే అల్లడం మొదలెట్టేసింది, ద్రోహి. కార్డిఫ్ నుంచి ఒకాయన తన పుస్తకాన్ని పెరట్లో ఉల్లికాడల మడిలో పాతిపెట్టి, మా పత్రికకి ఫోటో పంపాడు.

నా బాధ వేరు నాన్నా. అమ్మ చనిపోయిన ఏడాదే సీరియల్లో కోరిన్ భార్య లైసా చచ్చిపోయింది. అమ్మ అంత్యక్రియల్లో ఏడవని మనిద్దరం లైసా కోసం సోఫాలో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. అలాంటి లైసా పేరు ఈ పుస్తకం మొత్తంలో ఒక్కచోట కూడా లేదు! అసలలాంటి మనిషే పుట్టనట్టు, వాడు ఆ మొక్కల డాక్టరమ్మ ఎడ్డాని చేసేసుకున్నాడు.

ఈస్టరుకి ఇక్కడ జరిగే అభిమానుల సభకి ఆస్క్‌విత్ వస్తున్నాడు. ఈ పెళ్లి చెల్లదని పిటిషన్ రాశాను. మొదటి సంతకం నీదే. వెంటనే పెట్టి పంపు.

కోపం అతని మీద, ప్రేమ నీ మీద,
ఇంగా

*

స్ట్రామ్‌నెస్
ఫిబ్రవరి 27

ప్రియమైన ఇంగా,

నీ కాగితం తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు.

లైసా పోయాక కోరిన్ ఎలా తినేవాడో చూశావా? మిగతావాళ్లు వెళ్లాక, గిన్నె చేత్తో పట్టుకుని, నిలబడి తినేవాడు. ఎడ్డా వచ్చి కుర్చీ లాగి, "కూర్చో" అంది. అంతే. ఆ ఒక్క మాట దగ్గర నేను పుస్తకం మూసేసి డెక్ మీదికి వెళ్లి కాసేపు గాలి పీల్చుకొచ్చాను.

పేరు పలకకపోతే మరిచిపోయినట్టేనా? కొందరికి నోరు రాదమ్మా. థోరా కూడా అదే అంది. కాకపోతే ఆ పెళ్లి అధ్యాయం మరీ గబగబా రాసేశాడని ఆమె గొడవ. మొన్న ఆదివారం బంగాళాదుంపల సూపు తాగుతూ ఇద్దరం దీని మీదే వాదించుకున్నాం.

నీ మీద కోపం లేదు. సంతకం మాత్రం అడగకు.

నాన్న

*

స్ట్రామ్‌నెస్
మార్చి 22

ప్రియమైన ఇంగా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. హాస్టల్‌కి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి "ఇప్పుడే బయటికెళ్లింది" అంది. వెనకాల నీ దగ్గు వినపడింది.

ఒక పుస్తకం కోసం మనం మాట్లాడుకోకుండా ఉంటామా తల్లీ? సభకి వెళ్లు. అడగాల్సింది అడుగు. ఏం జరిగిందో నాకే ముందు రాయాలి. దగ్గుకి మందు వేసుకో.

నీ రాక కాదు, నీ రాత కోసం చూసే
నాన్న

*

న్యూకాసిల్
ఏప్రిల్ 13

ప్రియమైన నాన్నా,

దగ్గు తగ్గింది. కోపం కూడా. జరిగినదంతా రాస్తాను, తీరిగ్గా చదువు.

హోటలు బయట దాకా జనం. కోరిన్ వేసుకునేలాంటి నీలం చొక్కాల్లో మగవాళ్లు, వెండి కాగితం చుట్టుకున్న ముసలమ్మలు, నౌక బొమ్మ టోపీలా పెట్టుకున్న పసిపిల్ల. నేను పిటిషన్ పట్టుకుని వరసలో ముందువాళ్ల చేత సంతకాలు పెట్టిస్తున్నాను. నా వెనకాల పసుపు వానకోటు వేసుకున్న ఒకావిడ నిలబడింది. కలం ఇస్తే పుచ్చుకోలేదు.

"ఏమ్మాయ్, వాడు పెళ్లి చేసుకుంటే నీకొచ్చిన నష్టమేంటి?" అంది.

"నష్టం లైసాకి" అన్నాను.

"లైసా చచ్చిపోయింది గదా."

"అందుకే! ఆవిడ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి గదా!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అదీ నిజమే" అంది. అక్కణ్నుంచి తలుపు దాకా వాదించుకుంటూనే ఉన్నాం. ఆవిడకి సీరియల్ మొత్తం కంఠతా వచ్చు నాన్నా. నేను ఒక ఎపిసోడ్ తప్పు చెబితే పట్టేసుకుంది. యాస వింటే మన దీవుల గాలి తగిలింది. ఊరేదంటే "ఉత్తరాన" అని ఊరుకుంది.

లోపల ఆస్క్‌విత్! మనం ఎంత ఊహించుకున్నాం! ఎలుకపిల్లలా ఉన్నాడు, చొక్కా బొత్తాలు తప్పు పెట్టుకున్నాడు. నేను లేచి పిటిషన్ చదివాను. సగం హాలు చప్పట్లు, సగం హాలు ఛీ ఛీ. రెజినాల్డ్ కుర్చీ ఎక్కి "పుస్తకాలు లెక్కలోకి రావు!" అని అరిచాడు. "మరి సంతకం కోసం ఎందుకొచ్చావయ్యా?" అని ఎవరో అడిగారు. దిగి కూర్చున్నాడు.

అప్పుడు పసుపు కోటావిడ లేచింది. "ఏవండీ, పెళ్లి చేశారు, సంతోషం. పెళ్లి భోజనం ఏదీ? ఆ నౌకలో అన్నేళ్లు పొడి రొట్టె తిన్నవాళ్లకి ఒక్కపూట విందు పెట్టలేకపోయారా? ఇంకో మాట. ఈ అమ్మాయి చెప్పింది సబబే. రెండో ఆవిడ మంచిదైతే మొదటి ఆవిడ గురించి తానే అడుగుతుంది. అడగని ఎడ్డా నాకూ నచ్చలేదు."

హాలంతా నవ్వులు. ఆస్క్‌విత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లైసా గురించి రాయాలంటే భయమేసింది. మీరందరూ ఆవిణ్ని నాకంటే ఎక్కువ ప్రేమించారు" అన్నాడు. నాలుగో నవలలో ఎడ్డా అడుగుతుందట, కోరిన్ చెబుతాడట. విందు కూడా ఉంటుందట! ప్రూడెన్స్ ఏడ్చేసింది. నేను కూడా, కొంచెం.

తర్వాత నేనూ ఆవిడా పేవ్‌మెంట్ మీద కూర్చుని వెనిగర్ కారుతున్న వేడి బంగాళాదుంప చిప్స్ తిన్నాం. నా పని గురించి, అమ్మ గురించి, అన్నీ అడిగింది. పిటిషన్‌ని ఆ చిప్స్‌కే చుట్టేశాను.

నీ
ఇంగా

*

స్ట్రామ్‌నెస్
ఏప్రిల్ 17

ప్రియమైన ఇంగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పసుపు కోటు నాకు తెలుసు. ఆవిడే థోరా. ఈస్టరుకి న్యూకాసిల్లో చెల్లెలి ఇంటికి వెళ్తున్నానంది. సభ సంగతి నా దగ్గర ఎత్తనే లేదు. నీ ఫోటో మన పొయ్యి పైన అరలో చూసింది గనక నిన్ను గుర్తుపట్టే ఉంటుంది.

ఇక దాపరికం వద్దు. థోరా అంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. ఆదివారాలు ఆమె వస్తుంది, నేను కూర్చుని తింటాను. మీ అమ్మ పేరు ఇన్నేళ్లుగా నా నోట రాలేదు. ఇక్కడ రాస్తున్నాను: రూబీ. రూబీని మరిచిపోయిన రోజు లేదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది, ఆ పేరు నీ కోసమైనా పైకి అనాల్సిందని.

ఆమెను ఇంకా ఏమీ అడగలేదు. నీ మాట విన్నాకే అడుగుతాను. నీకు కష్టంగా ఉంటే ఆగుతాను.

నాన్న

*

న్యూకాసిల్
ఏప్రిల్ 20

ప్రియమైన పిచ్చి నాన్నా,

నువ్వు ఆగితే కుదరదు. ఇప్పటికే ఆలస్యం చేశావు.

చిప్స్ తినడం అయ్యాక ఆవిడ చేతులు తుడుచుకుని, "ఇంగా, నేను థోరాని. మీ నాన్నని పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. ఆయన అడిగేలోపు నాకు ముసలితనం వచ్చేస్తుంది, అందుకని నేనే అడుగుతాను. నీకు కాదనాలనుంటే ఇప్పుడే నా మొహం మీద చెప్పు" అంది. చిప్ గొంతుకి అడ్డం పడింది. వీపు మీద గట్టిగా చరిచింది, బతికాను.

చరిచాక మొదట అడిగిందేంటో తెలుసా? "మీ అమ్మ ఎలా నవ్వేది?" ఆ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు నాన్నా. ముక్కుతో శబ్దం చేస్తూ నవ్వేదని చెప్పి చేసి చూపించాను. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. థోరా కూడా ప్రయత్నించింది గానీ పందిపిల్లలా వచ్చింది. ఇద్దరం నవ్వి నవ్వి గోడకి జారబడ్డాం.

నువ్వు నోరు విప్పేదాకా నీకు చెప్పనని మాటిచ్చాను. అందుకే ముందు ఉత్తరంలో ఆవిడ పేరు రాయలేదు. ఇప్పుడు విప్పావు గనక చెబుతున్నాను.

ఆ పెళ్లి అధ్యాయం మాత్రం ఇప్పటికీ చెత్తే. ఆ విషయంలో థోరాదీ నాదీ ఒకే పార్టీ. ఇంట్లో నీకిక ఓటమే.

నీ ఉత్తరం అందగానే థోరాకి ఫోన్ చేశాను. శనివారం నీ ఫెర్రీ రేవుకి చేరేసరికి ఆవిడ అక్కడే నిలబడి ఉంటుంది. అందరి ముందూ అడుగుతుందట, నువ్వు తప్పించుకోకుండా. ఈ ఉత్తరం శుక్రవారానికల్లా నీకు అందుతుంది. గడ్డం గీసుకో.

బోలెడంత ప్రేమతో,
ఇంగా