మాట తప్పింది

అరీమా, ట్రినిడాడ్
2023 మార్చి 12, ఆదివారం

పూజ్యురాలైన సొరైదా అక్కకు,

నీ చెల్లెలు మైగ్వాలిదా ముందుగా నీ దీవెన కోరి రాస్తున్న ఉత్తరం. కోపంలో ఉన్నావు కాబట్టి దీవిస్తావో లేదో తెలియదు, అడగడం మటుకు నా వంతు. ఇక్కడ నాలుక తప్ప నా ఒంట్లో తక్కిన భాగాలన్నీ క్షేమం. అక్కడ గ్విరియాలో నువ్వూ, బావా, నీ కూతురు మర్యోరీ బాగున్నారనీ, నీ మోకాళ్ళు కాస్త నీ మాట వింటున్నాయనీ తలుస్తాను.

నువ్వు ఫోను తియ్యనంటున్నావు, అందుకే ఉత్తరం. పడవ మీద సరుకు వేసుకుని వచ్చే ఎలియొదొరో సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు నువ్వు. ఇంగ్లీషు ముక్క రాని దద్దమ్మవి, ఒక్క మాట కుదురుగా పలకలేక చేతికొచ్చిన పెళ్ళి చెడగొట్టుకున్నావు, సెల్విన్ లాంటి పెద్దమనిషికి నేనిచ్చిన మాట ఏట్లో కలిపావు, వచ్చే నెల మళ్ళీ ఆ పెళ్ళి కాగితాల ఆఫీసుకు తీసుకెళ్తానంటున్నాడు, ఈసారైనా నోరు మూసుకుని తలూపి రా అన్నావు. సరే. నువ్వు తిట్టావు, నేను పడ్డాను. ఇప్పుడు నా గోడు కూడా కాస్త విను.

అసలు ఈ ఇంగ్లీషు ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళకు వేరే పనేమీ ఉన్నట్టు లేదు. శనివారం శనివారం చర్చి వెనక హాల్లో, సముద్రం దాటి వచ్చిన మాలాంటి వాళ్ళకు పాఠం. చెప్పేది మిస్ హయసింత్, ఎప్పుడో రిటైరైన టీచరు. మన స్పానిష్‌లో నాకు నలభై మూడేళ్ళు అంటామా, వీళ్ళు నేను నలభై మూడేళ్ళు అంటారట. నాకు చలి అంటామా, వీళ్ళు నేను చలి అంటారట. చలి నాకు వేస్తుంది గాని నేనే చలినైపోతానా అని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మైగ్వాలిదా, నువ్వు నేర్చుకోవడానికి వచ్చావా వాదించడానికి వచ్చావా అంది. రెంటికీ అని చెప్పేంత ఇంగ్లీషు నా దగ్గర లేక కూర్చున్నాను.

స్కూలు అనమంటే నా నోట ఇస్కూలు అనే వస్తుంది. ముందున్న ఆ ఇ ని కొరికెయ్యమంటుంది ఆవిడ. కొరకబోయి నాలుక కరుచుకున్నాను. రాసేదొకటి, పలికేదొకటి. రాసిన అక్షరాల్లో సగం పలకరు, మరెందుకు రాసినట్టో. రాత్రిపూట గుడ్ నైట్ అనేది వెళ్ళేటప్పుడే అనాలి, వచ్చేటప్పుడు అనకూడదు అని బోర్డు మీద గీత గీసి మరీ చెప్పింది. ఆ సాయంత్రమే చీకటి పడుతుంటే మా గేటు ముందు నుంచి వెళ్తూ నన్ను చూసి గుడ్ నైట్ అంది. ఇదేమిటి టీచర్ అన్నాను. అది పుస్తకంలో పిల్లా, ఇది వీధిలో అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వీధి సంగతి ఇంకా ఘోరం. పొద్దున పూట నేను పనిచేసేది సుమింత్ర ఆంటీ డబుల్స్ బండి దగ్గర. వేడివేడి బారా రొట్టెలు రెండు పరిచి, పైన శనగల కూర వేసి, కాగితంలో చుట్టి ఇస్తాను. అక్కడ వినపడే ఇంగ్లీషుకూ, హాల్లో నేర్పేదానికీ చుట్టరికం లేదు. వచ్చినవాడల్లా రెండు, స్లైట్ అంటాడు. మొదట్లో అది మనిషి పేరనుకున్నాను, ఈ ఊళ్ళో ఇంతమంది స్లైట్‌లేమిటా అని ఆశ్చర్యపోయాను. కారం కొంచెం వెయ్యమని అర్థమట. ఒకరోజు ఆంటీ ఇప్పుడే వస్తానని బండి నాకొదిలి వెళ్ళి, శనగలన్నీ అయిపోయాక తీరిగ్గా వచ్చింది. ఇప్పుడే అన్నావుగా అంటే, ఇప్పుడే అన్నాను గాని ఇప్పుడే ఇప్పుడే అన్నానా పిల్లా అంది. ఇలాంటి ఊళ్ళో మనిషి భాష నేర్చుకునేదెట్లా చెప్పు. తల ప్రాణం తోకకొస్తోంది.

ఇక సెల్విన్ విషయం. నువ్వన్నట్టు మంచివాడే, నేనెప్పుడూ కాదనలేదు. తాగడు. దుకాణంలో మేకులు, పెయింటు డబ్బాలు అమ్ముకుంటాడు, ఆదివారం చర్చికి వెళ్తాడు. గ్విరియాకు సరుకు కోసం తిరిగిన రోజుల్లో నేర్చుకున్న మన భాష నాలుగు ముక్కలతో నీ దగ్గర అందంగానే మాట్లాడి ఉంటాడు. ఇక్కడ ఉండనిచ్చే నా కార్డు ఏ ఏడు పొడిగిస్తారో ఏ ఏడు పొమ్మంటారో తెలియదు, పెళ్ళయితే కాగితాలు ఖాయం, ఆ తర్వాత మర్యోరిని కూడా పిలిపించుకోవచ్చు అని నువ్వు వేసిన లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క నాకు కంఠతా వచ్చు.

అయితే ఆయనతో ఒక చిక్కుంది. నా బదులు ఆయనే మాట్లాడతాడు. మందుల షాపుకు వెళ్ళాం, నాకు చెవిపోటు. చెప్పడానికి నాలుగు రోజులుగా ఆ వాక్యం కూడబలుక్కుంటున్నాను. నోరు తెరిచేలోగా ఆయన, ఈవిడకు సరిగ్గా వినపడటం లేదు అని చెప్పేశాడు. షాపులో పిల్ల గుబిలి కరిగే చుక్కలిచ్చింది. వేసుకుంటే పోటు తగ్గలేదు సరికదా, ఉన్న వినికిడి కూడా పోయి రెండు రోజులు బండి దగ్గర అందరినీ ఆ, ఆ అని అడుగుతూ నిలబడ్డాను. ఇలా ఎందుకు చేశావంటే, చెవే కదా, ఏదైతేనేం అన్నాడు.

వాళ్ళమ్మ మిస్ యుడోరాకు నా పేరు నోరు తిరగదు. స్పానిష్ అని పిలుస్తుంది. స్పానిష్, నీళ్ళు. స్పానిష్, కాళ్ళు పట్టు. ఆవిడ మంచం దిగలేని మనిషి, పాపం, ఆవిడ మీద నాకు కోపం లేదు. పెళ్ళయ్యాక శనివారాలు అమ్మకు తల రుద్ది స్నానం చేయించాలి, క్లాసు మానేద్దువుగాని అన్నాడు సెల్విన్. నాకింకా ఇంగ్లీషు రాలేదు అన్నాను. నేనున్నాను కదా మాట్లాడటానికి, నీకెందుకు ఆ తలనొప్పి అన్నాడు. ప్రేమగానే అన్నాడులే.

ఆఫీసులో ఏం జరిగిందో ఆయన చెప్పింది విన్నావు, ఇప్పుడు నేను చెప్పేది విను. మంగళవారం ఉదయం టై కట్టుకుని వచ్చాడు. దారంతా ఒకటే పాఠం: వాళ్ళేం అడిగినా ఎస్ అను, అంతకు మించి నోరు విప్పకు. అక్కడ కిటికీ అవతల ఒక లావుపాటి గుమాస్తావిడ. మా పాస్‌పోర్టులు చూసింది. నా పేరేమిటంటే ఆయన చెప్పాడు. నేనెక్కడ ఉంటానంటే ఆయన చెప్పాడు. ఆయనతో పరిచయం ఎట్లా అయిందంటే అదీ ఆయనే, మధ్యలో ఒక హాస్యం కూడా వేశాడు. ఆవిడ నవ్వలేదు. అయ్యా, మీరు కాసేపు ఊపిరి పీల్చుకోండి, నేనడుగుతున్నది ఆవిణ్ణి అంది. తర్వాత నా వైపు తిరిగి, నిదానంగా, ఏం పని మీద వచ్చారమ్మా అని అడిగింది.

ఈ దేశానికి వచ్చాక ఒక ఆఫీసులో ఒక మనిషి నన్నే చూస్తూ నన్నే అడగడం అదే మొదలు. నేను లేచి నిలబడి ఐ ప్రిటెండ్ టు మ్యారీ మిస్టర్ సెల్విన్ అన్నాను.

ఇందులో తప్పేముందంటావు. మన భాషలో ప్రెతెందెర్ అంటే ఒక పని చేద్దామనుకోవడమే కదా. పిల్లనడగడానికి ఇంటికొచ్చే మగవాణ్ణి కూడా ఆ మాటతోనే పిలుస్తాం కదా. ఇంగ్లీషులో అచ్చం ఆ మాటే ఉంది, కాని అర్థం వేరు. నటించడం అట, వేషం వెయ్యడం అట. అంటే మిస్టర్ సెల్విన్‌ను పెళ్ళి చేసుకుంటున్నట్టు నటిస్తున్నానని చెప్పానన్నమాట, అదీ కాగితాల కోసం జరిగే దొంగ పెళ్ళిళ్ళను పసిగట్టడమే పనిగా కూర్చున్న మనిషితో.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. మళ్ళీ చెప్పండమ్మా అంది. మళ్ళీ చెప్పాను. సెల్విన్ కాలరు తడిసిపోయింది. ఈవిడ ఉద్దేశం అది కాదండీ, స్పానిష్ వాళ్ళు ఇలాగే అంటారు అని కిటికీలోకి సగం దూరిపోయాడు. అయితే ఆవిణ్ణే చెప్పమనండి, మీరు తప్ప ఈ ఊళ్ళో అందరూ మాట్లాడొచ్చు అందావిడ. అందరూ నన్నే చూశారు. నేను తిరిగి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ మా ఫైలు మూసేసి, దీని మీద విచారించాలి, వచ్చే నెల రండి అని పక్కన పెట్టేసింది.

కారులో సెల్విన్ అరవలేదు. అరిచినా బాగుండేది. ఒక్క ఎస్ అనడానికి నీకు ఏం పోయేది అని దారంతా అదే మాట. నన్ను ఇంటి ముందు దించి, వచ్చే నెల వరకు ఆ క్లాసుకు వెళ్ళకు, ఉన్న బుద్ధి కూడా పోతోంది అన్నాడు. తర్వాత నీకు ఫోను చేశాడు. తర్వాత నువ్వు నాకు.

ఇక ఊరు. సుమింత్ర ఆంటీ ఈ సంగతి విని గరిటె పట్టుకోలేక నవ్వి, శనగలు నేల మీద పోసింది. తెల్లారేసరికి అరీమా అంతా తెలిసింది. ఇప్పుడు బండి దగ్గరికి వచ్చినవాళ్ళు, రెండియ్యి స్పానిష్, కారం వేసినట్టు నటించు అంటున్నారు. మొదటివాడికి నవ్వాను. రోజూ అదే హాస్యం వింటే ఎవరికి మాత్రం విసుగు పుట్టదు. నిన్న ఒకడికి నటించకుండా నిండు గరిటెడు కారం వేసి ఇచ్చాను. నీళ్ళ కోసం అటూ ఇటూ పరిగెత్తాడు, ఆంటీ నన్నేమీ అనలేదు.

ఇదీ జరిగింది. ఈ దిక్కుమాలిన భాష మన మాటలే ఎత్తుకుపోయి వాటి అర్థాలు మార్చి మన మీదకే వదిలితే నేనేం చెయ్యను. వచ్చే నెల సంగతి వచ్చే నెల చూద్దాం. మర్యోరికి నా ముద్దులు. నీ మోకాళ్ళకు ఎలియొదొరో చేతికిచ్చి ఒక తైలం సీసా పంపుతున్నాను, రాత్రి పడుకోబోయే ముందు రాసుకో.

నీ తిట్లకు అలవాటు పడిన చెల్లెలు,
మైగ్వాలిదా

తా.క. ఇదంతా రాసి మడిచాక మళ్ళీ విప్పాను. ఎలియొదొరో బయట బెంచీ మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు, తొందరగా రాస్తాను.

అక్కా, ఆ మాటకు అర్థం నాకు ముందే తెలుసు. ఆఫీసుకు వెళ్ళడానికి ముందు శనివారం నేనే మిస్ హయసింత్‌ను అడిగాను, పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను అని ఎట్లా చెప్పాలని. చెప్పింది. చెప్పి, ప్రిటెండ్ అనకు, నీ భాష వాళ్ళందరూ అక్కడే పడతారు, జాగ్రత్త అంది. నేను జాగ్రత్తగానే పడ్డాను. ఆఫీసులో ఆ గుమాస్తావిడ మళ్ళీ చెప్పమన్నప్పుడు మార్చుకోవడానికి అవకాశం కూడా ఇచ్చింది. నేను మార్చలేదు.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అప్పటినుంచి టీచరుతో నువ్వే మాట్లాడావు, ఫాదరుతో నువ్వే మాట్లాడావు, నన్ను చూడటానికి వచ్చినవాళ్ళతో నువ్వే మాట్లాడావు. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో నాకు తెలుసు. కాని నీకు కాదని చెప్పడం నాకు మన భాషలో ఇప్పటికీ చేతకాదు. ఈ పెళ్ళి వద్దని చెబుదామని ఎన్నిసార్లు ఫోను చేశానో. నీ గొంతు వినగానే నా నోట సరే అక్కా అనే వచ్చేది. ఆ గుమాస్తావిడ నన్ను పెంచలేదు, ఆవిడతో చెప్పగలిగాను. నాకు భాష రాదని అందరూ నవ్వుకుంటారు, నీకు కూడా నా మీద జాలి కలుగుతుంది, ఎవరికీ కాదని చెప్పినట్టు ఉండదు అనుకున్నాను. పిరికిపనే.

మర్యోరికి వేరే దారి వెతుకుతాను, నా మీద నమ్మకం ఉంచు. వచ్చే నెల నేను ఆ ఆఫీసుకు వెళ్ళను. ఈ సంగతి సెల్విన్‌తో నువ్వు చెప్పొద్దు. నేనే చెబుతాను.