ఏలకుల డబ్బా

చిక్కడపల్లి,
ఆదివారం.

చిరంజీవి విద్యాసాగర్‌కు నాయనమ్మ దీవెనలు. ఇక్కడ నా మోకాలు తప్ప అందరం బాగున్నాం. మెట్లు ఎక్కవద్దని నారాయణగూడ డాక్టరు ఆజ్ఞ.

ఫోనులో చెప్పలేక ఉత్తరం రాశావు. మంచిదే. రెండు నెలలు సిగరెట్ మానేసి, కరీంనగర్ ఆఫీసులో మళ్ళీ మొదలుపెట్టానన్నావు. పూర్తిగా మానేదాకా ఇంటికి రానన్నావు. "తప్పు నాదా, అశోక్‌నగర్‌దా?" అని అడిగావు. కళ్ళతో చూడకుండా జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు. అందుకే మొన్న అశోక్‌నగర్‌లో నువ్వు ఉద్యోగ పరీక్షలకు చదివిన రీడింగ్ రూమ్ దగ్గరికి వెళ్ళాను.

పక్కన చాయ్ బండి చుట్టూ సిగరెట్లు పట్టుకున్న పిల్లలు. నోటిఫికేషన్ ఎప్పుడు, కోర్టు కేసు ఏమైంది, కబుర్లన్నీ ఆ పొగలోనే. నీ స్నేహితుడు శ్రీశైలం కనిపించాడు. నీకు నేర్పింది వాడేనని ఇన్నాళ్ళూ నా అనుమానం. అక్కడే నిలదీశాను.

"నేను తాగనే తాగ నాయనమ్మా. పొగ పడదు. గందుకే దూరం నిలవడ్త. ఏ ముచ్చటైనా నాకు ఆఖరికే తెలుస్తది."

"మరి మావాడికి ఎవరు నేర్పారు?"

"రిజల్ట్ వచ్చిన నాడు ఏడుస్తుంటే ఎవరో చేతికిచ్చిండ్రు. తెల్లారి మాత్రం వాడే కొనుక్కున్నడు."

చాయ్ బండి మొగిలయ్య నాకు దండం పెట్టాడు. "అమ్మా, మీరు రోజూ గిట్ల వస్తే నా దుకాణం బందే!"

నాకు తేలింది ఇది: మొదటిది ఆ వీధి నీ చేతికిచ్చింది. రెండోది నువ్వే తీసుకున్నావు. ఇంత రాసి పంపేద్దామనుకున్నాను. కానీ లెక్క కుదరలేదు. ఒక భాగం నా వంటింట్లో మిగిలిపోయింది.

ఆ పరీక్షల ఏడాది నువ్వు ఇంటికి రాగానే నేరుగా వంటింట్లోకి వెళ్ళేవాడివి. డబ్బాలో ఏలకులు తగ్గిపోయేవి, నీ నోట పొగ వాసన బదులు ఏలకుల వాసన వచ్చేది. చెంచాడు చక్కెరకు కూడా లెక్క అడిగే నేను, వాటి లెక్క మాత్రం అడగలేదు. అడిగితే నువ్వు నిజం చెబుతావని భయం. మళ్ళీ నింపి, నీకు అందే అరలోనే పెట్టేదాన్ని.

మానడం నీ పనే నాయనా. అది నీ బదులు ఎవరూ చేయలేరు. అయితే ఒంటరిగా కూర్చుని చేయాలని ఎవరన్నారు?

వచ్చే ఆదివారం శ్రీశైలాన్ని భోజనానికి పిలిచాను. నువ్వూ రా. డబ్బాలోని ఏలకులన్నీ పాయసంలోకి దంచేస్తున్నాను. అర ఖాళీగా ఉంటుంది. నోరు ఎలా ఉంటే అలాగే వచ్చి, నా పక్కన కూర్చో.

ఇట్లు,
నీకూ కంచం పెట్టి ఎదురుచూసే
నాయనమ్మ,
అనసూయమ్మ