ముసుగు తీయించమని అడిగిన సిద్ధరాములు మనవి

అయ్యా,

కార్మిక సంక్షేమాధికారి గారి సముఖమునకు, కుంభారి కాలనీ నివాసి, నీలం నగర్ పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్ళు నేసే గుండేటి సిద్ధరాములు చేతులు జోడించి రాసుకొనునది.

విషయం: కాలనీ బీడీ షెడ్డులో ఆడవారు మొహం కప్పుకొని కూర్చొనరాదను ఉత్తర్వును వెంటనే రద్దు చేయుట గురించి.

సూచన: సదరు ఉత్తర్వు కావలెనని పోయిన నెల నేనే ఇచ్చుకొన్న అర్జీ.

ఆ అర్జీ ఇక్కడి ఆఫీసు భాష అని మరాఠీలో రాయించాను. తమరు మన తెలుగువారేనని తరువాత తెలిసింది. ఫిర్యాదు ఏ భాషలోనైనా చేయగలను గాని బతిమాలుకోవడం నాకు తెలుగులోనే వస్తుంది.

1. పోయిన నెల కార్ఖానాలో కరెంటు పోయి మగ్గాలు ఆగిన సమయమున నేను ఫోనులో ఒక చర్చ చూచియుంటిని. పడమటి దేశాలు కొన్నింటిలో ముస్లిం స్త్రీలు మొహానికి ముసుగు వేసుకొని బయటికి రారాదని చట్టమున్నదట. అది స్త్రీలకు విముక్తి అని ఒకాయన అన్నాడు. నా బట్ట నా ఇష్టమని ఒకావిడ ఏదో చెప్పబోయింది. ఆవిడ మాట పూర్తి కాకముందే కరెంటు వచ్చింది. నేను సగం చర్చతోనే లేచి మగ్గం దగ్గరికి పోయాను.

2. కాలనీ కమిటీ ఉపాధ్యక్షుడనైనందున నాకు ఏదో ఒకటి చేయాలన్న దురద ఎప్పుడూ ఉంటుంది. అంతంత దేశాలు చేసినది మనమెందుకు చేయకూడదని, "భద్రత దృష్ట్యా, స్త్రీల విముక్తి దృష్ట్యా" అని రాయించి సంతకం పెట్టాను. వీధి దీపం కోసం మేమిచ్చిన అర్జీకి ఏడాదిగా జవాబు లేదు. దీనికి మాత్రం తమరు వారంలో ఉత్తర్వు ఇచ్చారు.

3. షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళున్నారు. మొహం కప్పుకొనేది జైతున్‌బీ ఒక్కతేనని నా లెక్క. ఈ జైతున్‌బీ, నా భార్య గంగుబాయి జోడీగా పనిచేస్తారు. ఈ కాలనీకి రాకముందు జోడ్‌భావి పేట్‌లో ఉన్ననాటి నుంచి అంతే. జైతున్‌బీ తునికాకు కత్తిరిస్తుంది, గంగుబాయి తంబాకు పోసి చుడుతుంది. మూడేళ్ళ కింద గంగుబాయికి ఆయాసం మొదలైంది. తంబాకు దుమ్ము ముక్కులోకి పోనీయవద్దని డాక్టరు చెప్పాడు. నేను తెచ్చిన డాగు పడ్డ టవల్‌ను ముక్క చేసి, నాలుగు నాడాలు కుట్టి, మూతికీ ముక్కుకూ కట్టుకొమ్మని ఇచ్చింది జైతున్‌బీయే. ఆ ముక్క రోజూ నా కళ్ళముందే ఉండేది. అదీ మొహం కప్పుకోవడమేనని సంతకం పెట్టేనాడు నాకు తోచలేదు.

4. ఉత్తర్వు అమలైన మొదటి రోజు వాచ్‌మన్ ఓంకార్ జైతున్‌బీని గేటు దగ్గర ఆపాడు. ఆమె కత్తెర గంగుబాయి చేతిలో పెట్టి వెనక్కి పోయింది. ఓంకార్ నా భార్యను వదిన వరస పెట్టి, "వైనీ, నువ్వు కట్టుకో, నీకేం కాదు. ఇది వాళ్ళ కోసం" అన్నాడట.

"కాగితంల ఆడోళ్ళు అని రాసున్నది గద. నేను ఆడిదాన్ని కానా? జైతున్‌కు లేని బట్ట నాకేంది?" అని గంగుబాయి ఆ గుడ్డ విప్పి చాటకింద పెట్టి కూర్చుంది.

అయ్యా, ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. దగ్గు ఆగడం లేదు. పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోతుంది. నిన్న ఉమ్ములో ఎర్రగా కనబడింది. పాన్ తిన్నానని చెప్పింది. ఆమె జన్మలో పాన్ తినలేదయ్యా. కాళ్ళు పట్టుకున్నాను. "జైతున్ వచ్చి పక్కన కూసున్ననాడు కట్టుకుంట" అంటుంది, అంతే.

5. జైతున్‌బీ ఇంటికి పోయాను. పరదా వెనక నుంచి మాట్లాడింది.

"సిద్ధరాములు భాయ్, ఇన్నేండ్ల సంది నీ ఇంట్ల చాయ్ తాగిన. ఒక్క దినమన్న నా మొహం చూపియ్యమని అడిగినవా? ఇప్పుడు ఎందుకు గావాలె?"

"గంగుకు నువ్వన్న చెప్పు చెల్లే" అన్నాను.

"చెప్పిన. ఏడ్సుకుంట చెప్పిన. ఇంటలేదు."

ముసుగు ఆమె ఇష్టమో, ఇంట్లోవాళ్ళ బలవంతమో నాకు తెలియదు. నేను ఎన్నడూ అడగలేదు. అడగకుండానే ఆమె విముక్తి కోరి సంతకం పెట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

6. కావున ప్రార్థించునది ఏమనగా, సదరు ఉత్తర్వును నేడే రద్దు చేయవలెను. హాజరు కోసం మొహం చూడక తప్పదంటే ఒక ఆడ ఉద్యోగిని పెట్టి చాటుగా చూడవచ్చును. రద్దుకు కారణం కావలసివస్తే "అర్జీదారు తెలివితక్కువతనం" అని రాయండి, దాని కింద కూడా సంతకం పెడతాను. జైతున్‌బీని పిలిపించండి. నా గంగును బతికించండి. రూలు ప్రకారం ఇది ఎలా అడగాలో నాకు తెలియదు.

తమరు దయతో ఈ మొర చిత్తగించవలెను.

తన అర్జీని తానే వాపసు అడుగుతున్న తమ విధేయుడు,
గుండేటి సిద్ధరాములు

తా.క.: ఇదంతా గంగుబాయికి చదివి వినిపించాను. "నా దగ్గు గురించి మస్తు రాసినవ్. నాకు దగ్గు రాకపోతే ఈ కాగితం రాస్తుంటివా?" అని అడిగింది. రాసేవాణ్ణి కానయ్యా. ఆమెతో అనలేక తమకు రాస్తున్నాను. ఆమె చాట చంకన పెట్టుకొని ఇప్పుడే షెడ్డుకు బయలుదేరింది. మొహానికి గుడ్డ లేదు.