అమ్మ విన్న జలపాతం

డిసెంబర్ 22

ఇది ఇప్పుడే రాయాలి. తిరిగి రాగానే ఈ పెళ్లికి నేను అవునో కాదో చెప్పాలి. నా సంగతి నాకు తెలుసు — ఎవరైనా కాస్త తియ్యగా మాట్లాడితే అంతవరకూ చూసిందంతా మర్చిపోతాను. అందుకని ఏ రోజుది ఆ రోజే రాసి పెట్టుకుంటాను. తర్వాత చదువుకుని నిర్ణయిస్తాను.

శేఖర్ వాళ్లు చిల్ఫీ లోయలో కాటేజీ తీసుకున్నారు, క్రిస్మస్ సెలవులకి. నన్నూ అమ్మనీ రమ్మన్నారు. ‘పెళ్లికి ముందు రెండిళ్లూ కలిసినట్టుంటాది’ అన్నారట అత్తయ్య ఫోన్లో. ఇంకా అత్తయ్య కాలేదు. అలా పిలవమన్నారు, పిలుస్తున్నాను.

నాన్నకి సెలవు లేదు. కాంట్రాక్టరు కింద ఠేకా పనికి సెలవేమిటి... వెళ్లని రోజు కూలీ లేదు, అంతే.

అమ్మ నిన్నటినుంచీ ఒకటే నవ్వు. ‘మనల్ని పిలిచినారే! పర్మనెంటోళ్లు!’ శేఖర్ నాన్నగారు భిలాయ్ స్టీలు ప్లాంటులో పర్మనెంటు. రిటైరై రిసాలి కాలనీలో ఉంటున్నారు. మా నాన్నదీ అదే ప్లాంటు. పొద్దున్న వెళ్లడమూ సాయంత్రం రావడమూ ఒకటే, మిగతాదంతా వేరు.

డిసెంబర్ 24

అమ్మ అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం మూట కడుతోంది. ఎవరికంటే — తనకే.

‘పెళ్లి కాకుండా వియ్యాలోరి ఉప్పు తినకూడదు.’

ఇది మా పద్ధతి కాదు. శ్రీకాకుళంలో మా అమ్మమ్మకి తెలియనే తెలియదు. మేముండే క్యాంపు బస్తీలో పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ కూతురింటికి వెళ్లి మంచినీళ్లు కూడా ముట్టకుండా వస్తుంది. అది చూసి అమ్మ తనకి తోచినట్టు నేర్చుకుంది. మర్యాదస్తుల పద్ధతి అని తన నమ్మకం.

‘అన్ని రోజులూ అటుకులేనా?’

‘ఏటి, బతకనేటి?’

డిసెంబర్ 25

పెద్ద కారు. ముందు డ్రైవరు పక్కన మామయ్యగారు, మధ్యలో అత్తయ్య, నేను, శేఖర్ చెల్లెలు పింకీ. వెనక సీట్లో శేఖర్. ఆ పక్కన సామాన్ల మధ్య అమ్మ — కాళ్ల దగ్గర గ్యాస్ పొయ్యి, ఒళ్లో కుక్కరు. కవర్ధా దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. మలుపు తిరిగినప్పుడల్లా కుక్కరు మూత టంగుమంటుంది. పింకీ నవ్వుతుంది. అమ్మా నవ్వుతుంది.

కాటేజీ బాగుంది. మట్టి పూసిన గోడలు, పెంకుల కప్పు, ముందు వరండా. కింద లోయంతా సాల చెట్లు. నేను ఇలాంటి చోట ఎప్పుడూ పడుకోలేదు. నిజంగా సంతోషం వేసింది — అదీ రాసుకోవాలి.

ఒక గది అత్తయ్యా వాళ్లకి. ఒకటి పింకీకీ నాకూ. హాల్లో శేఖర్. అమ్మ చేతిలో చాప పట్టుకుని నిలబడి ఉంది.

‘వంటగది వెచ్చగా ఉంటాది గదా రమణమ్మా’ అన్నారు అత్తయ్య.

నాతో పడుకుంటుంది అన్నాను. అప్పటికే అమ్మ వంటగదిలో చాప పరిచేసింది.

అమ్మ ఆవిణ్ణి ‘వదినగారూ’ అంటుంది. ఆవిడ ‘రమణమ్మా’ అంటారు. పొద్దుటి నుంచీ వింటున్నాను, ఒక్కసారైనా మారుతుందేమోనని.

కాటేజీ చౌకీదారు వచ్చి, పనిమనిషి అనుకుని అమ్మని అడిగాడు — ‘బాయీ, సాబ్ లోగోఁ కీ చాయ్ కబ్ బనేగీ?’ అమ్మ ‘అభీ భయ్యా’ అంది. ఆవిడ మా అమ్మ అని చెప్పాను. పాపం, అతను చేతులు జోడించాడు. శేఖర్ అక్కడే ఉన్నాడు, ఫోనుకి సిగ్నల్ వెతుకుతూ.

‘పోనీలే, తెలీక అన్నాడు’ అన్నారు అత్తయ్య. ‘టీ ఐతే అయిపోనాదా రమణమ్మా?’

డిసెంబర్ 26

పొద్దున్నే గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. తొక్కితే కరకరలాడుతుంది. అమ్మ బయట కొళాయి దగ్గర రాత్రి గిన్నెలు తోముతోంది. వేళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. నేను వెళితే తోసేసింది — ‘పో, ఆళ్లు చూస్తారు. కోడలు గిన్నెలు తోమితే ఏం బాగుంటాది.’

భోరమ్‌దేవ్ గుడికి వెళ్లాం. అమ్మ రాలేదు. కోతులు ఎక్కువట, వంటగది తలుపు సరిగ్గా పడదట, ఎవరో ఒకరు ఉండాలట. చౌకీదారు ఉన్నాడుగా అన్నాను. ‘బయటోడి మీద వదిలీసి ఎల్తామేటి’ అన్నారు అత్తయ్య.

గుడి అందంగా ఉంది. గోడలనిండా బొమ్మలు — కొన్నిటిని చూసి పింకీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. బయట చెరువు, ఎండలో పడుకున్న కుక్కలు. శేఖర్ నాకు చాలా ఫోటోలు తీశాడు. ‘నవ్వు యార్, ఛుట్టీమే ఆయే హైఁ.’ సెలవులకి వచ్చాం కదా అని నవ్వాను. ఫోటోలో బాగానే ఉన్నాను. నా వెనక రాతి ఏనుగు కూడా బాగుంది.

రాత్రి భోజనంలో సాంబారు ఉప్పుకశం.

అత్తయ్య ఒక ముద్ద తిని కంచం దూరంగా జరిపారు. ‘రమణమ్మా, మీ సముద్రం కూడా మనతో వచ్చీసినాదేటి?’ పింకీకి నవ్వి నవ్వి పొలమారింది. మామయ్యగారు తన సాంబార్లో నీళ్లు పోసుకున్నారు.

‘ఉప్పు చూసుకోవేటి?’

‘చూడకూడదు గదండీ వదినగారూ... ఇంకా పెళ్లి కాలేదు గదా.’

అత్తయ్యకి అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత ముఖమంతా విప్పారింది. ‘అరే, మంచి పద్ధతే! మన రిసాలి వంటవాళ్లకి కూడా నేర్పీవే. సగం కూర వంటింట్లోనే తినీస్తారు దొంగముండలు.’

అమ్మ కూడా నవ్వింది. అది నేను మర్చిపోకూడదు — అమ్మ కూడా నవ్వింది.

శేఖర్ పెరుగు కలుపుకున్నాడు.

డిసెంబర్ 27

ఇవాళ్టి నుంచి ఉప్పు చూడటం నా పని. ‘నువ్వు ఆ ఇంటి మనిషివే గదా’ అంది అమ్మ. గరిటెలోంచి నా అరచేతిలో రెండు చుక్కలు వేస్తుంది. నా ముఖం చూస్తుంది.

‘సరిపోనాదా?’

‘సరిపోయింది.’

అలా మొత్తం వంట నా నాలుకతో చేసింది. తను మూల కూర్చుని అటుకులు నమిలింది.

పులిహోర కట్టించుకుని సరోదా డ్యామ్‌కి వెళ్లాం. నీళ్లు నీలంగా, కదలకుండా. గట్టు మీద దుప్పటి పరుచుకుని తిన్నాం. ‘ఇవాళ ఉప్పు కుదిరినాది’ అన్నారు అత్తయ్య. ‘చెప్తే నేర్చుకుంటాది, పాపం.’ అయినా తిన్నాను. పులిహోర బాగుంది మరి.

శేఖర్‌తో నీళ్ల అంచున నడిచాను. చెప్పాను. అంతా చెప్పాను — చాప, గిన్నెలు, రమణమ్మ. తల ఊపుతూ విన్నాడు. విన్నంత సేపూ మంచివాడే. ‘మమ్మీ కా స్వభావ్ వైసా హీ హై ఈశ్వరీ. దిల్ కీ అచ్ఛీ హైఁ. తీన్-చార్ దిన్ కీ తో బాత్ హై.’ స్వభావం అంతేనట, మనసు మంచిదట, మూడు నాలుగు రోజుల మాటేనట. తర్వాత నీళ్ల మీదకి పల్చటి రాయి విసిరి ఎగిరించాడు. చాలా దూరం వెళ్లింది. నా వంక చూశాడు, మెచ్చుకుంటానని.

మేం తిరిగొచ్చేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. అత్తయ్య కోడి కొనుక్కు రమ్మని సంతకి పంపారట. కింద ఊళ్లో ఇవాళ సంత. చౌకీదారు భార్యతో నడిచి వెళ్లింది. ‘ఒలే ఈశ్వరీ, ఆ కొండజాతి బైగా ఆడోళ్లు! నుదుటి మీద, కాళ్ల మీద, ఒళ్లంతా పచ్చబొట్లే! ఒకామె నా చెయ్యి పట్టుకుని, నీకూ పొడుస్తాను రా అంది. మాది ఏ ఊరంటే భిలాయ్ అని చెప్పినాను. ఇనుము ఊరా అంది.’ ఛత్తీస్‌గఢీ మాకెవరికీ రానంత బాగా వచ్చు అమ్మకి. అందరికంటే ఎక్కువ తిరిగింది ఇవాళ అమ్మే. ఎవరూ గమనించలేదు, గమనిస్తే ఆపేసేవారు.

‘కోడి ముదురు తెచ్చినావేటి రమణమ్మా’ అన్నారు అత్తయ్య.

డిసెంబర్ 28

జలపాతం.

అమ్మ పొద్దున్న తనంతట తాను అడిగింది. ఈ నాలుగు రోజుల్లో అడిగింది అదొక్కటే. ‘జలపాతం నేనెప్పుడూ చూణ్నేదు వదినగారూ.’ రమ్మన్నారు. అమ్మ పెట్టె అడుగు నుంచి పసుపు అంచు చీర తీసి కట్టుకుంది. తలలో పువ్వు.

రాణీదహరా దగ్గర కారు ఆగాక రాళ్ల దారిలో కిందికి నడవాలి. దిగగానే చప్పుడు వినిపిస్తుంది, నీళ్లు కనిపించవు. చెట్లు, బండలు అడ్డం. డ్రైవరు టీ తాగడానికి వెళ్లిపోయాడు. అత్తయ్య బ్యాగులు, మార్చుకునే బట్టలు, టిఫిన్ క్యారేజీ అన్నీ దించి అమ్మ ముందు పెట్టారు.

‘కోతులున్నాయి. మేం తొరగా వచ్చీస్తాం, తర్వాత నువ్వు ఎల్దువు గాని.’

నేను ఉంటానన్నాను. అమ్మ నన్ను గట్టిగా గిల్లింది. ‘ఎల్లు. నవ్వుతా ఎల్లు.’

జలపాతం చూశాను. పైనుంచి తెల్లగా విరిగిపడుతోంది, తుంపరలో ఇంద్రధనుస్సు ముక్క. పింకీ నీళ్లలో దిగింది. అత్తయ్య చీర మోకాళ్ల దాకా ఎత్తి చిన్నపిల్లలా గెంతారు. ఎవరైనా చూస్తే ఎంత మంచి కుటుంబం అనుకుంటారు.

నేను వెళ్లి అమ్మని పంపిస్తానని లేచాను. పింకీ జుట్టు పిండుకుంటూ అంది — ‘దీదీ, క్యోఁ టెన్షన్ లేతీ హో? ఆంటీ వంటకే కదా వచ్చారు. మమ్మీకి నడుం నొప్పి, ఎవరు వండుతారు అంటే భయ్యానే చెప్పాడు — ఈశ్వరి వాళ్ల అమ్మని పిలుద్దాం, ఆమెకి ఇళ్లల్లో పని అలవాటే కదా అని.’

శేఖర్ తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. తువ్వాలు చాలా సేపు ముఖం మీదే ఉంచాడు.

పరిగెత్తాను. అమ్మ బ్యాగుల మధ్య, చప్పుడొచ్చే వైపు తిరిగి కూర్చుంది.

‘అమ్మా, వాళ్లు నిన్ను వంటకి పిలిచారు. నీకు తెలుసా?’

‘తెల్సు.’

‘వియ్యపురాలిగా పిలిచారని చెప్పావు నాకు.’

‘నిజం చెప్తే నువ్వు రావు గదా.’ చెంగుతో బ్యాగు మీద దుమ్ము దులిపింది. ‘నువ్వు చదువుకున్నావు, నీకు సిగ్గు. నాకేటి సిగ్గు? పాతికేళ్లు ఊరోళ్ల గిన్నెలు తోమినాను, మా పిల్ల అత్తోరి గిన్నెలు తోమితే అరిగిపోతానేటి?’

లే, నేను కాపలా ఉంటాను, నువ్వు వెళ్లి చూడు అన్నాను. లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. నాలుగు అడుగులు వేసిందో లేదో, కింద నుంచి వాళ్లు తడి బట్టలతో వచ్చేశారు. అత్తయ్యకి చలి. మామయ్యగారికి మందుల వేళ. ‘చీకటి పడితే ఘాట్‌లో పొగమంచు, చలో చలో.’ అమ్మ వెనక్కి తిరిగి బ్యాగులు ఎత్తుకుంది.

‘చప్పుడు ఇన్నాను గదా’ అంది కారెక్కుతూ. ‘చాలు.’

డిసెంబర్ 29

ఇంటికి. దారంతా కుక్కరు మూత.

డిసెంబర్ 30

నాన్న డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ‘ఎలగుంది ఊరు?’ అన్నాడు.

అమ్మ చెప్పింది. వంట సంగతి చెప్పలేదు. గుడి చెప్పింది — ఏనుగు బొమ్మలు, చెరువు. డ్యామ్ చెప్పింది — నీళ్లు నీలం. జలపాతం చెప్పింది. ‘ఎంత ఎత్తనుకున్నావు! తెల్లగా, పాలు పొంగినట్టు. తుంపర వచ్చి ముఖానికి తగిలీసినాది. ఎండలో ఇంద్రధనుస్సు కూడా పడినాది తెల్సా.’ కారులో పింకీ ఫోన్లో ఎవరికో చెప్పిన మాటలు, వరసగా, అవే.

నాన్న నోరు తెరుచుకుని విన్నాడు. ‘నేనూ వచ్చుంటే బాగుణ్ణు’ అన్నాడు.

‘నువ్వు కూడా చూసినావు గదే, చెప్పు’ అంది అమ్మ నాతో.

చెప్పాను. అవును నాన్నా, అలాగే ఉంది అని.

జనవరి 1

అత్తయ్య ఫోన్. అమ్మ స్పీకర్లో పెట్టింది, నాన్న కూడా వినాలని.

‘హ్యాపీ న్యూ ఇయర్. మా ఇంట్లో అందరికీ అమ్మాయి నచ్చీసినాది. మంచి రోజు చూసి తాంబూలాలు మార్చీసుకుందాం.’ అమ్మ కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టింది. ‘నీ గురించి కూడా అందరికీ చెప్పినాను రమణమ్మా. నోట్లో నాలుక నేదు, చేతిలో పనుంది అని. పెళ్లయినాక నువ్వూ మా దగ్గరే ఉండిపోవచ్చు. వెనక గది ఖాళీయే. పెళ్లయిపోతే ఉప్పు కూడా చూసుకోవచ్చు గదా!’

నవ్వు. అటు నుంచీ, ఇటు నుంచీ.

ఫోన్ పెట్టేశాక అమ్మ అంది — ‘చూసినావా, నాకు కూడా గది ఇస్తాదట.’

జనవరి 2

మొదటి నుంచీ చదివాను. అమ్మ నవ్విన చోట్లే ఎక్కువ బాధ. నేను కాదంటే అమ్మ ఆ నాలుగు రోజులూ ఊరికే అటుకులు తిన్నట్టవుతుంది. అవునంటే జీవితాంతం ఆ వెనక గదిలో అలాగే తింటుంది.

తాంబూలాల రోజు ఏదో పంతులుగారిని అడగడానికి అమ్మ పొద్దున్నే వెళ్లింది, పసుపు అంచు చీర కట్టుకుని. తను వచ్చేలోగా శేఖర్‌కి ఇది పంపాలి. ఇక్కడ రాసుకుని, దీన్ని చూసి అక్షరం మార్చకుండా పంపుతాను:

శేఖర్, మీ అమ్మగారు అడిగినదానికి జవాబు చెప్పే ముందు నాది ఒక మాట ఉంది. పదకొండో తేదీ ఆదివారం మనం మళ్లీ రాణీదహరా వెళ్లాలి. నువ్వు, నేను, మీ అమ్మగారు, మా అమ్మ. మా అమ్మ కిందికి దిగి చూసొచ్చే వరకూ బ్యాగుల దగ్గర నువ్వు కూర్చోవాలి. వంట ఎవరూ చెయ్యరు. దారిలో ధాబాలో అందరం ఒకే బల్ల దగ్గర తింటాం — ధాబా ఉప్పు ఎవరిదీ కాదు, మా అమ్మ తినొచ్చు. కూర్చునేటప్పుడు మీ అమ్మగారు మా అమ్మని ‘వదినా’ అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. మమ్మీ స్వభావం అంతే అని మళ్లీ చెప్పకు. వస్తారా, రారా — అంతే అడుగుతున్నాను. శుక్రవారం, జనవరి తొమ్మిది లోపు చెప్పు.